కోట వాకిట్లో కింద పెట్టిన రాళ్ళు

దయ్యాల మాట ఎత్తితే చాలు, మా ఇంట్లో పిల్లలు నా వైపు చూసి నవ్వు ఆపుకుంటారు. నేను విసుక్కుంటానని వాళ్ళకు తెలుసు. చీకట్లో మేక దగ్గితే మనిషి దగ్గాడనుకుని జ్వరం తెచ్చుకునే వాళ్ళంటే నాకు జాలి కూడా లేదు. వయసులో ఉన్నప్పుడు ఆముదాల బేరం మీద పుల్లలచెరువు అడవి అంచు దాకా ఒంటరిగా సైకిలు మీద తిరిగాను. శ్మశానం పక్కన సైకిలు ఆనించి సద్ది మూట విప్పుకుని తిన్నాను. ఒక్క దయ్యమూ నన్ను పలకరించిన పాపాన పోలేదు.

ఇప్పుడు రాయబోయేది మాత్రం చీకట్లో జరిగింది కాదు. పట్టపగలు, ఎర్రటి ఎండలో, నా కళ్ళెదుట జరిగింది. నా ఎడమ చెవి కొస లేదు. అడిగిన వాళ్ళకు చిన్నప్పుడు కుక్క కరిచిందని చెబుతూ వచ్చాను. కుక్క కాదు.

అప్పట్లో గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పైన మద్రాసు సర్కారు. తెల్లవాళ్ళ కాలం చివరి రోజులు. గిద్దలూరులో మాకు దుకాణం. పల్లెలు తిరిగి సరుకు చూసి వచ్చే పని నాది. ఆ పనికి సైకిలు కావాలని నాయన వెంటబడి సాధించుకున్నాను. సైకిలు తొక్కడం నేర్పింది మాత్రం మా బావ రంగయ్య, మా అక్క రత్నమ్మ మొగుడు.

బావ లాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నవ్వితే వీధి చివరికి వినబడేది. కోపం వచ్చినా అంతే. కోపం దిగాక తానే వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. నాయన కంటే ఆయన మాటే ఎక్కువ వినేవాణ్ణి. ఇద్దరం కలిసి కొమరోలు వైపు సైకిళ్ళ మీద పోతుంటే పొలాల్లో వాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

ఆ వైపు నేల ఒక తీరుగా ఉండదు. ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు. అటూ ఇటూ జొన్న చేలు, సజ్జ చేలు, మధ్యలో ఎర్రటి గరుసు బాట. దిగుడులో బ్రేకు పట్టకుండా వదిలేవాళ్ళం. టైర్ల కింద రాళ్ళు చిటపటలాడేవి, పక్కకు ఎగిరేవి. ఆ చప్పుడు వింటే నాకు ఎక్కడ లేని సంతోషం. సగిలేరు దగ్గర మాత్రం దిగి, సైకిలు భుజాన వేసుకుని ఇసకలో నడవాలి.

ఏరు దాటాక ఒక పెద్ద ఎక్కుడు. ఎక్కుడు చివర పాలెగాళ్ళ నాటి కోట. కోట అంటే ఒక బురుజు, సగం గోడ, తలుపుల్లేని వాకిలి, అంతే మిగిలింది. దాని కింద గొర్రెలు మేపుకునే వాళ్ళ చిన్న పల్లె. పల్లె పేరు రాయను. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

కోట వాకిలికి ఎదురుగా, బాట పక్కన, రాళ్ళ కుప్ప ఉండేది. మనిషి కంటే ఎత్తు. ఆ దారిన పోయేవాడు ఎవడైనా ఎక్కుడు మొదట్లో ఒక రాయి చేతికి తీసుకోవాలి. బండి అయితే బండి దిగాలి, గుర్రమైతే గుర్రం దిగాలి. కుప్ప దగ్గర వంగి రాయిని నెమ్మదిగా కింద పెట్టి, రెండు చేతులూ చాపి, "నా చేతిలో ఏం లేదు" అనాలి. అని నడిచి పోవాలి. వాకిలి దాటాక మళ్ళీ ఎక్కవచ్చు.

దాని వెనక కథ మా నాయన చెప్పగా విన్నాను. పాలెగాడి గుర్రం పోయిందట. ఒక పేదవాడి మీద నింద పడింది. కోట వాకిట్లో వాణ్ణి నిలబెట్టి, ఊళ్ళో ఇంటికొక రాయి విసరమన్నాడట పాలెగాడు. విసరనంటే రెండోవాడు నువ్వే అన్నాడట. అందరూ విసిరారు. వాడి సొంత తమ్ముడూ విసిరాడు. సాయంత్రానికి గుర్రం తనంతట తానే ఇల్లు చేరింది. అప్పటి నుంచి ఆ దారిన పోయే ప్రతి మనిషీ తన చేతిలో రాయి లేదని చూపించి పోవాలి.

నేను మొదటిసారి ఆ కుప్ప చూసింది అమ్మమ్మ గారి ఊరికి బండిలో పోతూ. బళ్ళో చేరిన కొత్త. నాయన, అక్క, నేను. నా చేతిలో పలక ముక్క ఉంది. అంతకు ముందే మా వీధిలో ఎవరో దొర సైకిలు మీద పోగా చూసి, చెరిగిపోకూడదని మేకుతో పలక మీద సైకిలు గీకాను. ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది, పైన టోపీ పెట్టుకున్న మనిషి. మార్కాపురం నుంచి తెచ్చిన కొత్త పలక పాడు చేశానని పంతులు దాన్ని నా వీపు మీదే పగలగొట్టాడు. సైకిలు బొమ్మ ఉన్న ముక్క మాత్రం నేను వదల్లేదు. అక్క ఆ బొమ్మ చూసి దారి పొడుగునా నవ్వింది. ఈ దొరకు మెడ లేదే అని ఏడిపించింది.

కుప్ప దగ్గర నేను మారాం చేశాను. అందరి చేతుల్లో రాళ్ళున్నాయి, నాకు లేదని. కిందికి పోయి తెచ్చే ఓపిక నాయనకు లేదు. "చేతిలో ఉండేది పెట్టు, అదీ రాయే గదా" అన్నాడు. విసరబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎయ్యగూడదు నాయనా, పెట్టాల. వంగి పెట్టి చేతులు చూపించు" అన్నాడు. ఏడుస్తూ పెట్టాను. చేతులు చూపించాను.

ఆ తర్వాత ఎన్నో సార్లు ఆ దారిన పోయాను. నమ్మకం లేకపోయినా రాయి పెట్టే పోయేవాణ్ణి. నమ్మకం లేదని చెప్పులు వేసుకుని గుళ్ళోకి పోము కదా, అలాగే.

బావకు కంట్రాక్టుల మీద మోజు పుట్టింది. ఏటి నుంచి కోట దాటే దాకా ఆ బాటకు కంకర పరిచి రోడ్డు చేసే పని పట్టాడు. మా వాళ్ళలో అంతకు ముందు ఎవరూ ఆ పని చెయ్యలేదు. తక్కెడ పట్టుకునే వాళ్ళకు రాళ్ళతో పనేమిటని నాయన సణిగాడు. బావ వినే రకమా.

కంకరకు గట్టి రాయి కావాలి. చుట్టుపక్కల దొరికేది పెళుసు రాయి. మంచి రాయి దూరం నుంచి బండ్ల మీద తోలాలి. ఇంతలో బావ కన్ను కోట వాకిట్లో కుప్ప మీద పడింది. తరాలుగా జనం ఏటి దగ్గర ఏరి చేత్తో మోసుకొచ్చిన రాళ్ళు, ఒక్కొక్కటీ నున్నగా, ఉక్కులా ఉన్నాయి. రోడ్డు పక్కనే ఉన్నాయి. తోలకం లేదు.

మా వైపు రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక్కరూ ఒప్పుకోలేదు. బావ ముండ్లమూరు వైపు నుంచి మనుషులను పిలిపించాడు. వాళ్ళకు కుప్ప సంగతి తెలియదు. వద్దని నేనూ అన్నాను. దయ్యానికి భయపడి కాదు, పల్లెవాళ్ళతో తగవు వస్తుందని.

"రాళ్ళ కుప్పకు దండాలు పెట్టేవాళ్ళు మీరేందిరా! ఈడ పడుంటే ఎవురికి లాభం? రోడ్డు మీద పరిస్తే పదిమందికి పనికొస్తాది" అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది.

సమ్మెటలు పడిన మొదటి రోజే పల్లె మొత్తం వచ్చింది. ముందు ఒక ముసలి కాపరి. ఆయన కేకలు వెయ్యలేదు. "అయ్యా, అవి దించిన రాళ్ళు. దించినవి మళ్ళా ఎత్తగూడదు" అని సమ్మెటకు అడ్డం నిలబడ్డాడు. బావ తప్పుకొమ్మన్నాడు. ఆయన కదల్లేదు. బావ చేతిలో సైకిలు పంపు ఉంది. దాంతో ముఖం మీద కొట్టాడు.

ముక్కు చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. అంతే, కర్రలు లేచాయి. రాళ్ళు కొట్టేవాళ్ళు సమ్మెటలు ఎత్తారు. ఒకడి మోచెయ్యి విరిగింది, ఇంకొకడి తల పగిలింది. ఆ దుమ్ములో, బూతుల్లో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. చివరికి పల్లెవాళ్ళే వెనక్కి తగ్గారు. ముసలాయన భార్య గురవమ్మ కొంగుతో ఆయన ముక్కు అదిమిపట్టుకుని తీసుకుపోయింది. కుప్ప పూర్తిగా కంకర అయింది. రోడ్డు మీద పరిచి, గరుసు పోసి, నీళ్ళు చల్లి, ఎద్దులు కట్టిన రాతి రోలరు తిప్పారు. నేల రాయిలా బిగిసింది.

రోడ్డు పూర్తయ్యాక ఓవర్సీరు వచ్చి చూడాలి. ఆయన వచ్చే ముందు రోజే మా ఇంట్లో అక్కకు సీమంతం. తొలి కాన్పు. పుట్టింటికి వచ్చి ఉంది. పల్లెవాళ్ళు రోడ్డును తవ్వి పెడతారేమోనని బావకు అనుమానం. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఆ పొద్దున పల్లెలోని మగవాళ్ళందరినీ స్టేషనుకు పిలిపించారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముక్కు వంకరపోయిన ఆ ముసలాయనతో సహా అందరూ గిద్దలూరులో, స్టేషను ముందు, చెట్టు నీడన కూర్చుని ఉన్నారు. మేము సైకిళ్ళ మీద వాళ్ళ ముందు నుంచే పోయాము.

ఇంట్లో బయల్దేరేటప్పుడు అక్క గడప దగ్గర నిలబడింది. పసుపు రాసుకున్న ముఖం. "అన్నాల యాళకు రాకపోతే గాజులేసుకోను, చూస్కో" అంది.

"రోడ్డు మీద ఒక చుట్టు తొక్కొస్తాం. నా రోడ్డు మీద నేను తొక్కకుండా ఓవర్సీరు తొక్కుతాడా? నువ్వు గాజులు సూసుకుంటా ఉండు, వచ్చేస్తా" అన్నాడు బావ. నా వైపు చూసి, "మీ బావను బద్రంగా తీస్కరా" అంది అక్క, సగం నవ్వుతూ.

ఏరు దాటి సైకిళ్ళు దించాము. బావ కొత్త రోడ్డు అంచున చెప్పు కాలు ఆనించి చూసి మురిసిపోయాడు. అలవాటు కొద్దీ నేను రాయి కోసం వంగాను. "యాడ పెడతావురా? కుప్ప లేదు గదా" అని నవ్వాడు. నేనూ నవ్వి నిటారుగా లేచాను. ఎక్కుడు తొక్కాము. రోడ్డు ఎంత బాగుందంటే, సీటు మీద నుంచి లేవకుండా పైకి వచ్చాము.

కోట వాకిలి ఎదుట దిగలేదు. దిగడానికి అక్కడ ఏముంది?

మొదటి రాయి బావ ముంగాలికి తగిలింది. టైరు కింద నుంచి ఎగిరిందనుకున్నాము. కంకర మీద తొక్కేవాళ్ళకు అది మామూలే. "అబ్బా" అని నవ్వాడు. రెండోది చక్రం పుల్లల్లో పడి రెండు పుల్లలు తెగ్గొట్టింది. మూడోది ఎదురుగా వచ్చి ఆయన రొమ్ముకు కొట్టింది. టైరు కింది రాయి ఎదురు రాదు.

బావ సైకిలు ఆపి దిగాడు. బురుజు వైపు చూసి, "ఎవుడ్రా అది! బయటికి రారా!" అని అరిచాడు. బురుజు మీద ఎవరూ లేరు. గోడ వెనక దాక్కుందామన్నా గోడకు అటువైపు నేల లేదు, లోయ. చుట్టూ కోసేసిన చేలు. కుందేలు పరిగెత్తినా కనబడేంత బోడిగా ఉంది.

నాలుగోది నా ఎడమ చెవి కొసను తీసుకుపోయింది. నొప్పి తెలియలేదు, వేడిగా మెడ మీదికి కారడం తెలిసింది. సైకిలు అడ్డం పెట్టుకుని కూలబడ్డాను. తర్వాత లెక్క లేదు. వాన పడ్డట్టు పడ్డాయి, కానీ పైనుంచి కాదు. మోకాలి ఎత్తున, రొమ్ము ఎత్తున, అడ్డంగా వచ్చాయి. సైకిలు కడ్డీలు మోగాయి. బెల్లు దానంతట అది టింగుమంటూనే ఉంది. బావ పై పెదవి చీలి పళ్ళు బయటికి కనిపించాయి. ఆ నోటితోనే ఆయన బూతులు తిడుతున్నాడు.

ఆయన రోడ్డు మీది కంకర తీసుకుని బురుజు మీదికి విసరడం మొదలుపెట్టాడు. ఒకటి విసిరితే నాలుగు వచ్చాయి. మోకాలిచిప్ప పగిలి మోకాళ్ళ మీద పడ్డాడు. పడి కూడా విసురుతున్నాడు. నాకు భయం పోయి పిచ్చి కోపం వచ్చింది. మా బావను కొడతారా అని ఒక పెద్ద రాయి చేతికి తీసుకుని లేచాను. ఎవణ్ణి కొట్టాలో తెలియదు, ఎవడు కనిపించినా చంపేసేవాణ్ణి.

అప్పుడు కింది నుంచి గురవమ్మ అవ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతులు రెండూ పైకెత్తి, అరచేతులు మాకు కనబడేలా పట్టుకుని వస్తోంది. "రాయి కింద పెట్టు నాయనా! ఎయ్యొద్దు! కింద పెట్టు!" అని గొంతు చించుకుని అరిచింది.

ఎందుకు పెట్టానో చెప్పలేను. చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. వంగి పెట్టాను. చేతులు చాపాను. "నా చేతిలో ఏం లేదు" అన్నాను. ఆ క్షణం నుంచి నాకు ఒక్క రాయి తగల్లేదు. పక్కనే, రెండు బారల దూరంలో, బావను కొడుతూనే ఉన్నాయి. అవ్వ నా పక్కనే నిలబడింది. ఆమెకూ తగల్లేదు.

"బావా, కింద పెట్టు! నీ కాళ్ళు మొక్కుతా, పెట్టు బావా!" అని ఏడ్చాను. ఆయన నా వైపు చూశాడు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండు చేతుల్లో రెండు రాళ్ళు. "పెట్టను రా! నా రోడ్డు మీద నన్ను కొట్టేదెవుడు!" అన్నాడు.

చెయ్యి వెనక్కి ఎత్తాడు. తల పక్కకు విరిగినట్టు వాలింది. అలాగే పడ్డాడు.

అవ్వ పోయి ఆయన పిడికిళ్ళు విప్పింది. బిగుసుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, రాళ్ళు తీసి, నెమ్మదిగా కింద పెట్టింది. ఆయన రెండు అరచేతులూ ఆకాశం వైపు తెరిచి, "ఈ బిడ్డ చేతిలో ఏం లేదు సామీ" అంది. అంతటితో ఆగిపోయింది. ఎక్కడో మేక మెడలో గంట వినిపించింది.

పల్లెలో మగవాళ్ళు లేరు. ఆడవాళ్ళు నులకమంచం తెచ్చారు. ఎవరి మొగుళ్ళను ఆయన కొట్టించాడో, ఎవరి మొగుళ్ళు ఆ పొద్దున ఆయన ఫిర్యాదు మీద స్టేషన్లో కూర్చున్నారో, ఆ ఆడవాళ్ళే ముగ్గురు మంచం కోళ్ళు మూడు పట్టి ఎత్తారు. నాలుగో కోడు నేను పట్టాను. ఏటికి దిగే దాకా ఆయనకు ఊపిరి ఉంది. "సైకిలు తెచ్చినావా రా?" అని అడిగాడు. తెచ్చినా బావా అన్నాను. "మీ అక్క గాజులు..." అన్నాడు. ఇసకలో మంచం దించేసరికి పోయాడు.

ముఖం కడుగుదామని అవ్వ చెలమ తోడింది. కణతలో నల్లగా ఏదో దిగి ఉంది. గడ్డకట్టిన రక్తమనుకున్నాను. అవ్వ దాన్ని పట్టి లాగి, నీళ్ళలో జాడించి నా చేతిలో పెట్టింది. కంకర కాదు. పలచగా, అంచు పదునుగా ఉన్న పలక ముక్క. నీళ్ళు కారిపోయాక గీతలు తేలాయి. ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం, మెడ లేని మనిషి, టోపీ.

ఆ ఇసకలో నేను అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పోలీసులు వచ్చారు. పల్లె మగవాళ్ళ మీద అనుమానపడటానికి వీల్లేదు, వాళ్ళు స్టేషన్లోనే ఉన్నారు. ఆడవాళ్ళు కొట్టారా అని నన్ను పదే పదే అడిగారు. నేను అక్కడే ఉన్నాను, అవ్వ వచ్చేసరికే సగం అయిపోయింది, మిగతావాళ్ళు అంతా అయ్యాక వచ్చారు అని చెప్పాను. దొంగలెవరో అని రాసుకుని మూసేశారు.

మర్నాడు ఓవర్సీరుతో పాటు నేనూ పోయాను. కోట వాకిలి ఎదుట, రోలరు తిరిగి బిగిసిన రోడ్డులో, గుంటలు. పళ్ళు ఊడిన చిగుళ్ళలా, ఒక్కొక్క రాయి ఉన్న చోట ఒక్కొక్క గుంట. గునపంతో కూడా అంత శుభ్రంగా రాదు. గుంటలు మా టైర్ల జాడకు రెండు వైపులా ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పశువుల గిట్టలు అన్నాడు ఓవర్సీరు. ఆయన ముఖం చూస్తే ఆయనే నమ్మలేదని తెలిసిపోయింది. ఆ రోడ్డు తీసుకోలేదు. తర్వాత వేరే దారిన, ఏటి గట్టు వెంట వేశారు.

ముండ్లమూరు పోయి రాళ్ళు కొట్టిన మేస్త్రీని కూడా అడిగాను. కుప్పలో పలక ముక్కలు కొన్ని దొరికాయన్నాడు. "పలకరాయి కంకరకు పనికిరాదయ్యా, దెబ్బకు పొడైపోతాది. ఏరి లోయలో పారబోసినాం" అన్నాడు. లోయలో పడ్డది రోడ్డు మీదికి ఎలా వచ్చింది? సమ్మెట పడిన కుప్పలో ఆ బొమ్మ ఒక్క పెచ్చు లేవకుండా ఎలా మిగిలింది? చదువుకున్న వాళ్ళు చాలామందిని అడిగాను. ఒకాయన సుడిగాలి అన్నాడు. సుడిగాలి పక్కన నిలబడ్డ మనిషిని వదిలి ఒక్కణ్ణే కొడుతుందా అంటే నా మీద కోప్పడ్డాడు.

అన్నిటికంటే కష్టం అక్కతో. పచ్చగాజుల మూట ఎవరూ విప్పలేదు. బావను ఇంటి ముందు దించినప్పుడు ఆమె ఏడవలేదు. నా చొక్కా రక్తం చూసింది, నా చెవి చూసింది. నా గుప్పిట్లో ఏదో ఉందని చూసింది. "ఏందది?" అని అడిగింది. దాచే తెలివి నాకు లేదు, ఇచ్చాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొమ్మ గీతల మీద వేలు పోనిచ్చింది. "ఈ దొరకు మెడ లేదు" అంది, చాలా నెమ్మదిగా. అప్పుడు ఏడ్చింది.

పిల్లాడు పుట్టాక, మైల తీరాక, బిడ్డను చంకన వేసుకుని ఎద్దులబండిలో కోటకు పోయింది. నన్ను వెంట రావద్దంది. గురవమ్మ అవ్వ, ఆమె మొగుడు దగ్గరుండి కుప్ప ఉన్న చోట ఆ పలక ముక్కను పెట్టించారట. ఇప్పుడక్కడ మళ్ళీ కుప్ప లేచింది. పాత బాటన పోయేవాళ్ళు తక్కువైనా, నడుము ఎత్తు దాకా వచ్చింది. దాని అడుగున ఎక్కడో నా సైకిలు దొర ఉన్నాడు. ఎందుకు జరిగిందో, ఎలా జరిగిందో నాకు తెలియదు. దయ్యమని ఇప్పటికీ నా నోటితో నేను అనను. ఏమనాలో మాత్రం తెలియదు.

అక్క నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. తప్పు నీదని అనే మనిషి కాదు. ఇప్పుడు ముసలిదైపోయింది, చూపు తగ్గింది. నేను ఇంటికి పోతే తన చేత్తో వడ్డిస్తుంది. కానీ నేను గడప దగ్గరికి రాగానే నా ముఖం చూడదు. ముందు నా చేతుల వైపు చూస్తుంది. అది ఆమెకు తెలిసి చేసే పని కాదు.

అందుకే నేను ఆ ఇంటికి పండ్లు కూడా పట్టుకుపోను. సంచీ ఉంటే అరుగు మీద దించి వస్తాను. గడప అవతల నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపుతాను.

"నా చేతిలో ఏం లేదక్కా" అంటాను.

అప్పుడు లోపలికి రమ్మంటుంది.